అద్దాల బీరువా

హార్బరు వీధి, రెండో అంతస్తు
వానలు వెనక్కి తగ్గిన వారం

ఒరే తమ్ముడూ,

మా ఎదురుగా కట్టిన నీ టవరుకి, అదే, నీ అద్దాల బీరువాకి ఆఖరి అద్దం కూడా బిగించేశారు. మా వీధిలో దానికి ఆ పేరే ఖాయమైంది. నన్ను తిట్టకు, పెట్టింది కింద ఇస్త్రీ కొట్టాయన. "డాక్టరమ్మా, అంత పెద్ద బీరువా చేయించారు, అందులో పెట్టుకోవడానికి వాళ్ళ దగ్గర అన్ని బట్టలున్నాయంటారా?" అని అడిగాడు. దాన్ని గీసింది నా తమ్ముడేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఉత్తరాలేమిటి, ఈ కాలంలో, అనకు. ఫోన్ చేస్తే మీటింగులో ఉంటావు. మెయిల్ పెడితే నీ సెక్రటరీ "సార్ చూస్తారు" అని జవాబిస్తుంది. సార్ చూడరు. కవరైతే కనీసం నీ చేత్తో నువ్వే చింపాలి.

అసలు సంగతికొస్తాను. నాన్న ఈ గది ఎందుకు తీసుకున్నాడో నీకు తెలుసు. ఆయన పెట్టిన పళ్ళాసుపత్రికి ఇంతకంటే పెద్ద గదులు దొరికేవి, లిఫ్టున్నవి దొరికేవి. ఆయన ఉత్తరపు కిటికీ చూసి తీసుకున్నాడు. ఎండ నేరుగా పడదు, రేవు మీది ఆకాశం వెలుతురు మాత్రం రోజంతా సమంగా వస్తుంది. పంటికి క్యాప్ చేయాలంటే ముందు పేషెంటు పక్కపళ్ళ రంగు చూసి, నమూనా పళ్ళ వరస పక్కన పెట్టి, ఏది కలుస్తుందో తేల్చాలి. అది ఆ వెలుతురులోనే తేలుతుంది. నువ్వు అదే కిటికీ కింద కూర్చుని లెక్కలు చేసుకున్నావు, గుర్తుంటే.

ఇప్పుడు నీ బీరువా ఎండనంతా అద్దాల్లో పట్టి నా గదిలోకి విసురుతోంది. ఆ వెలుతురులో గోడలు ఆకుపచ్చగా, నాచు పట్టిన తొట్టిలా ఉన్నాయి. ఫెర్రీ టికెట్ల కౌంటర్లో కూర్చునే అమ్మాయికి ముందు పంటికి క్యాప్ వేశాను. నా గదిలో చక్కగా కలిసిపోయింది. బయటికెళ్ళి ఎండలో చూసుకుంటే ఆ ఒక్క పన్నూ మొక్కజొన్న గింజ. పిల్ల తిరిగొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళ వైద్యంలో నా చేతి మీద నాకు అనుమానం వచ్చింది అదే మొదటిసారి. డబ్బు తీసుకోకుండా మళ్ళీ చేసిచ్చాను, అదీ అదే గదిలో చూసి చేశాను కాబట్టి, అదీ మొక్కజొన్న గింజే. అప్పుడర్థమైంది తప్పు నా చేతిది కాదని.

కింది అంతస్తుల అద్దాలకి ఏదైనా అడ్డం పెట్టించు. లేదా మార్పించు. అంత ఎత్తున ఆలోచించేవాడివి, రెండో అంతస్తు దాకా ఒక్కసారి దిగు.

అక్క


హెడ్డాఫీసు
నెల మధ్యలో ఎప్పుడో, తేదీ చూసే తీరిక లేదు

అక్కా,

నీ కవరు నా చేత్తోనే చింపాను. సంతోషమా?

బీరువా అన్నందుకు నాకు కోపం లేదు. మీ వీధికి అంతకంటే పెద్ద వస్తువు తెలియదు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఓడలో వచ్చేవాళ్ళు రేవులోకి తిరగ్గానే మొదట చూసేది ఇప్పుడు మా టవర్ని. ఇంతకు ముందు ఏం చూసేవాళ్ళు? మీ బిల్డింగు నెత్తి మీది నీళ్ళ ట్యాంకుల్నీ, ఆరేసిన లుంగీల్నీ. ఒకే గోడకి అన్ని కిటికీలు, ప్రతి కిటికీకి ఒక రేకు, ప్రతి రేకుకీ ఒక తుప్పు మరక. వానాకాలం వస్తే పెచ్చులు రాలతాయి, ఎండాకాలం వస్తే పైపులు ఏడుస్తాయి. దాన్ని బిల్డింగు అంటే నా చదువుకి అవమానం.

అద్దం సంగతి. అది మామూలు అద్దం కాదు. దాని మీద పూత వేయించడానికి నేను రెండు దేశాలు తిరిగాను. వెలుతురు పరీక్ష చేయించాం, రిపోర్టుంది. చుట్టుపక్కల ఎవరి కిటికీలోకి వెళ్ళేదైనా సహజమైన వెలుతురే, రంగులో తేడా రాదు అని అందులో స్పష్టంగా రాసుంది. రాసిన వాళ్ళు నిపుణులు. నీకు ఆకుపచ్చగా కనిపిస్తోందంటే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు, మీ కింది అంతస్తులోనే ఉన్నాడుగా.

కాదూ కూడదంటే ఒక మంచి లైటు కొనుక్కో. పగటి వెలుతురులాంటి దీపాలు ఇప్పుడు ఎక్కడైనా అమ్ముతున్నారు. కిటికీకి పరదా వేసి అది వెలిగించుకుంటే సరిపోతుంది. నాన్న కాలంలో దీపాలు లేక కిటికీలు పట్టుకుని వేలాడారు. నువ్వెందుకు వేలాడతావు?

తమ్ముడు


హార్బరు వీధి
మంచి ఎండ కాస్తున్న ఆదివారం

మహానుభావా,

నీ సలహా ప్రకారం లైటు కొన్నాను. పరదా వేశాను. పేషెంటు లోపలికొచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. అయినా పరదా సందుల్లోంచి నీ బీరువా దూరుతూనే ఉంది. దానికి సిగ్గు తక్కువ, పోలిక ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు ఏం చేస్తున్నానో చెప్తాను, నవ్వుకో. పళ్ళ రంగు చూడాల్సి వస్తే పేషెంటుని మేడ మీదికి తీసుకెళ్తున్నాను. నువ్వు వెక్కిరించిన ఆ నీళ్ళ ట్యాంకుల వెనక, నీ అద్దాలు కనపడని మూలన, ఆ లుంగీల పక్కనే స్టూలు వేసి నోరు తెరిపిస్తున్నాను. అక్కడ మాత్రం ఆకాశం ఇంకా ఆకాశంలానే ఉంది. మేడ మీద చూసి చేసినవన్నీ పంటికి పన్ను కలిశాయి. టికెట్ల అమ్మాయిని మూడోసారి పిలిచాను, రాలేదు. మెట్లెక్కలేని పెద్దవాళ్ళు కూడా రావడం మానేశారు. ఆకాశానికి నిచ్చెన వేసింది నువ్వు, ఎక్కి చచ్చేది నా పేషెంట్లు.

నిన్న నీ బీరువా లోపలికి కూడా వెళ్ళొచ్చాను. వెళ్ళొచ్చాను అనడం గొప్పలకు పోవడమే, ముందు తలుపు ఎక్కడుందో తెలియలేదు. అంతా అద్దమే. నాలాగే ఇంకొకాయన కూడా తడుముకుంటూ తిరుగుతున్నాడు, ఇద్దరం ఒకరికొకరం దారివ్వబోయి అద్దానికి గుద్దుకున్నాం. లోపల కూర్చోవడానికి బల్ల ఉంది, కానీ ఏటవాలుగా ఉంది. కూర్చుంటే జారిపోతున్నాను. సెక్యూరిటీ అతన్ని అడిగితే "ఎవరూ ఎక్కువసేపు కూర్చోకుండా అలా చేశారండీ" అన్నాడు. కూర్చోకూడని బల్ల గీయడానికి నువ్వు ఎన్నేళ్ళు చదివావురా? తర్వాత అతను "ఎవరి కోసం వచ్చారు?" అన్నాడు. దీన్ని గీసినవాడి కోసం అన్నాను. "ఆయన ఇక్కడికి రారండీ" అన్నాడు. అది మాత్రం నిజం.

మా మెట్ల మీద ఇద్దరెదురైతే ఒకరు గోడకి అతుక్కోవాలి, ఒప్పుకుంటాను. కానీ అతుక్కునేటప్పుడు "పంటి నొప్పి తగ్గిందా" అని అడుగుతాం. నీ దాంట్లో అన్ని అంతస్తులున్నాయి, అన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఒక్క మనిషి దగ్గు వినపడదు.

ఒక్కటే ప్రశ్న. నిపుణుల మాట వద్దు, నీ మాట చెప్పు. అద్దం ఎంచుకునేటప్పుడు ఎదురుగా నా కిటికీ ఉందని నీకు గుర్తొచ్చిందా? అవునో కాదో రాయి చాలు.

అక్క


హెడ్డాఫీసు
ప్రారంభోత్సవానికి ముందు నెల

అక్కా,

నీతో వాదించడం కంటే ఇంకో టవరు కట్టడం తేలిక. అవును, గుర్తొచ్చింది. చుట్టుపక్కల మొత్తాన్నీ లెక్కలోకి తీసుకునే చేశాం. నీకు మాటల మీద నమ్మకం లేదు కాబట్టి మా మోడల్ ఫోటో పంపుతున్నాను. పరీక్ష చేసింది దీని మీదే. టవరు ఒక్కటే కాదు, వీధులు, ఫెర్రీ స్టేషను, గడియారపు స్తంభం, బస్టాపు, అన్నీ చెక్కతో అచ్చం ఉన్నవి ఉన్నట్టు చేయించాను. బస్టాపు దగ్గర బెంచీ కూడా ఉంది చూడు. ఇంత ఓపిక మీ వీధి మీద ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు.

చూసి, ఇకనైనా ఆ గోల ఆపు. ప్రారంభోత్సవం పెద్ద ఎత్తున చేస్తున్నారు. వేదిక మీద ఛైర్మన్ గారి పక్కన నిలబడేది నేనే. నీకూ కార్డు వస్తుంది, మంచి బట్టలు కట్టుకుని రా.

తమ్ముడు


హార్బరు వీధి

ఆర్కిటెక్ట్ గారికి,

మీరు పంపిన ఫోటో అందింది. పళ్ళలో పిప్పి వెతకడానికి వాడే భూతద్దాల కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఫెర్రీ స్టేషను బాగుంది. గడియారపు స్తంభం బాగుంది. బస్టాపు బెంచీ నిజంగానే ఉంది.

మా బిల్డింగు లేదు.

ఫోటో ఎక్కడైనా మడత పడిందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాను. టవరుకి ఎదురుగా, మేం ఉండాల్సిన చోట, ఆకుపచ్చ స్పాంజి అతికించి ఉంది. దాని మీద సూదంత మనుషులు ఇద్దరు కుక్కని తిప్పుతున్నారు. ఆ కుక్క నించున్న చోటే నాన్న కుర్చీ ఉండాలి.

మొదట కోపం రాలేదు, ఏడుపొచ్చింది. కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఎదురు చూస్తుంటే పక్కగదిలోకెళ్ళి ఏడ్చాను. కోపం ఆ తర్వాత వచ్చింది, ఇంకా వెళ్ళలేదు.

బస్టాపు బెంచీ గుర్తుంది నీకు. నన్నెప్పుడు తీసేశావు?


హెడ్డాఫీసు
మర్నాడే రాస్తున్నాను

అక్కా,

ఆ ఫోటో పంపడం నా తెలివితక్కువ. రోజూ చూసీ చూసీ అక్కడ ఏదో లేదన్న సంగతే నాకు తట్టలేదు.

చెప్తాను, అరవకుండా విను. మీ బిల్డింగు యజమాని అమ్మేయడానికి ఒప్పుకున్నాడు. వచ్చే ఏడాది మీ అందరికీ నోటీసులు వస్తాయి. అది పడగొట్టి అక్కడ పార్కు చేస్తారు. ఎలాగూ ఉండని దాన్ని మోడల్లో ఎందుకని తీసేశాం. ఇది ఎవరికీ చెప్పొద్దని నాకు ఆర్డరు. నీకు చెబితే మెట్లన్నీ చాటింపు వేస్తావని నాకు తెలుసు, అందుకే చెప్పలేదు. తప్పంటావా? నా ఉద్యోగంలో నువ్వుంటే తెలుస్తుంది.

నిన్ను గాలికొదిలేశానని మాత్రం అనుకోకు. ఛైర్మన్ గారితో మాట్లాడాను. టవర్లోనే నీకు ఒక గది ఇస్తారు. కింద, బేస్‌మెంట్లో, కార్లు పెట్టే చోటు పక్కన. కిటికీ ఉండదు గానీ లైటింగు అద్భుతంగా ఉంటుంది. తలుచుకుంటే రంగులు మార్చుకోవచ్చు కూడా.

ఇంకొక సంగతి. మొన్న మీటింగులో అలవాటుగా పెన్సిలు కొరుకుతూ కొరుకుతూ ముందు పన్ను విరగ్గొట్టుకున్నాను. ఇక్కడి డాక్టరు క్యాప్ వేస్తానన్నాడు, గది చూస్తే నమ్మకం కుదరలేదు. ప్రారంభోత్సవంలో అన్ని కెమెరాలూ నా మీదే ఉంటాయి. ఎన్ని తిట్టుకున్నా పంటి విషయంలో నాకు నీ చెయ్యే నమ్మకం. దానికి ముందు వారం వస్తాను. కాదనకు.

తమ్ముడు


హార్బరు వీధి
చల్లబడ్డాక రాస్తున్నాను

నాయనా తమ్ముడూ,

రా. నేను కాదంటానా? పన్ను లేకుండా అంత పెద్ద అద్దాల ముందు నిలబడితే అన్ని అద్దాల్లోనూ కనపడుతుంది.

మధ్యాహ్నం రా. అప్పుడు నా గదిలోకి నీ టవరు వెలుతురు బాగా వస్తుంది.

వచ్చే ముందు ఒక్క ముక్క రాసి పంపు. మా కిటికీలోకి వచ్చేది సహజమైన వెలుతురేనని మీ రిపోర్టులో ఉందన్నావు. మా బిల్డింగే లేని మోడల్ మీద మా కిటికీ సంగతి ఎలా తేల్చారో నాకు అర్థం కాలేదు, పోనీలే, నేను పళ్ళ డాక్టర్ని. నువ్వు ఆర్కిటెక్టువి. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతావా? నీ పన్ను రంగు నేను ఆ వెలుతురులోనే చూడాలి మరి.

బేస్‌మెంటు గది గురించి ఆలోచిస్తున్నాను. కార్ల పొగకి మత్తు ఇంజెక్షను ఖర్చు కూడా కలిసొస్తుంది.

అక్క


హెడ్డాఫీసు

అక్కా,

నిలబడతాను. ఆ రిపోర్టు కింద సంతకం నాది. నీ గదిలో వెలుతురుకి ఏ లోపమూ లేదు. నువ్వు మెత్తబడినందుకు సంతోషం. గురువారం మధ్యాహ్నం వస్తున్నాను, క్యాప్ తయారయ్యే దాకా ఊళ్ళోనే ఉంటాను.

తమ్ముడు


టవర్ ఎదురుగా హోటలు గది
ప్రారంభోత్సవం అయిన మర్నాడు

అక్కా,

నువ్వు మనిషివేనా?

వేదిక వెనక గోడంత తెర పెట్టారు. అందులో నా మొహం. నా మొహంలో ఆ పన్ను! నేను రేవుకి కొత్త రూపమిచ్చాం, కొత్త కాంతి ఇచ్చాం అని మాట్లాడుతున్నాను, ముందు వరసలో వాళ్ళు నా మాట వినడం మానేసి నా నోరు చూస్తున్నారు. ఛైర్మన్ గారి భార్య రుమాలు అడ్డం పెట్టుకుంది. నాకు సంగతి అర్థం కాలేదు, బాగా మాట్లాడుతున్నాననుకుని ఇంకా నవ్వాను. కిందికి దిగాక నా టవరు అద్దంలో చూసుకుంటే, హోటలు గదిలోలాగే, ఏ తేడా లేదు, ఎండలో కారు అద్దంలో చూసుకున్నాను. మొక్కజొన్న గింజ!

పొద్దున పేపర్లన్నీ తెప్పించాను. ప్రతి ఫోటోలో టవరు వెనకాల ఉంది, ఆ పన్ను ముందుంది. ఆఫీసులో నాకు ఏం పేరు పెట్టి ఉంటారో ఊహించుకుంటేనే తల ఎత్తుకోలేకపోతున్నాను. నువ్వు కావాలనే చేశావు. సొంత తమ్ముణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేశావు. మేడ మీదికి తీసుకెళ్ళి ఒక్కసారి చూసి ఉంటే నీ సొమ్మేం పోయేది?

ఎల్లుండి విదేశీ పత్రిక వాళ్ళు ఇంటర్వ్యూకి వస్తున్నారు. ఈలోగా దీన్ని మార్చు. నీకు దండం పెడతాను.

తమ్ముడు


హార్బరు వీధి, ఇంకా రెండో అంతస్తే
అదే సాయంత్రం, ఇస్త్రీ కొట్టాయన చేత పంపుతున్నాను

ఒరే తమ్ముడూ,

అవును, కావాలనే చేశాను. అబద్ధం చెప్పడం మన ఇంట్లో నీ వంతు, నా వంతు కాదు.

కానీ ఏం చేశానో చూడు. నిన్ను నాన్న కుర్చీలో, నాన్న కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నీ టవరు పంపిన వెలుతురులో, నీ సంతకమున్న వెలుతురులో, నీ పక్కపళ్ళకి కలిసే రంగు ఎంచాను. క్యాప్ పెట్టాక అద్దం నీ చేతికే ఇచ్చాను. అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని "అక్కా, ఏది కొత్తదో నాకే తెలియడం లేదు" అన్నావు. ఆ క్షణం చెప్పేద్దామా అనిపించింది. అప్పుడు నువ్వు కుర్చీలోంచి లేస్తూ, మోచెయ్యి ఆనించిన చోట పెచ్చు రాలితే చూసి, "ఛీ, దీన్ని ఎప్పుడు కూలుస్తారో" అని కోటు దులుపుకున్నావు. అంతే, నోరు మూసుకున్నాను.

మేడ మీదికి పేషెంట్లని తీసుకెళ్తాను. వెలుతురుకి ఏ లోపమూ లేదని రిపోర్టుల్లో రాసేవాళ్ళకి మేడతో పనేముంది?

పొద్దున్న నువ్వు పేపర్లు చూసుకునే వేళకి టికెట్ల అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. చేతిలో అదే పేపరు. "డాక్టరమ్మా, ఇది నా పన్నే కదూ?" అంది. నీ ఫోటో పక్కన తన మొహం పెట్టి చూపించింది, రెండూ ఒకే గింజలు. ఆ పిల్ల చెయ్యి అడ్డం తీసేసి నవ్వడం ఎన్నాళ్ళకో చూశాను. మేడ మీద కూర్చోబెట్టి రంగు చూశాను, రేపు కొత్తది వేస్తాను.

తర్వాత ఆ పిల్లకీ, కళ్ళ డాక్టరుకీ, ఇస్త్రీ కొట్టాయనకీ, మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ నీ స్పాంజి పార్కు సంగతి చెప్పాను. చాటింపు వేస్తానన్నావుగా, నీ మాట ఎందుకు తీసేయాలి? అందరం కలిసి నగరపాలక ఆఫీసుకి వెళ్ళాం. మోడల్ ఫోటో ఇచ్చాం, ఎదురుగా ఉన్న బిల్డింగు లేకుండా వెలుతురు పరీక్ష ఎలా చేశారని అడిగాం. మా కిటికీలో తేడా ఏముందో రుజువు చూపించమన్నారు. పేపర్లో నీ ఫోటో చూపించాను. అక్కడి అధికారి పేపరు దగ్గరికి లాక్కుని చూసి, నవ్వు ఆపుకుని, పరీక్ష మళ్ళీ చేయించే దాకా కూల్చడానికి అనుమతి ఇవ్వం అని కాగితం మీద పెట్టాడు. నువ్వు మా వీధికి చేసిన మొదటి మంచిపని అదే, నీ నోటితోనే చేశావు.

ఇక నీ పన్ను. మేడ మీద చూసి ఒక్క రోజులో సరి చేయగలను. చేయను. ముందు మోడల్లో ఆ స్పాంజి పీకి మా బిల్డింగు పెట్టు. చెక్క ముక్క నువ్వే కొయ్యి, ఇంకొకరికి చెప్పకు. పెచ్చులు, రేకులు, నీళ్ళ ట్యాంకులు అన్నీ ఉండాలి, బస్టాపు బెంచీ మీద పెట్టినంత ఓపిక మా మీదా పెట్టు. తర్వాత నీ దీపాలు వేసి నా కిటికీలో ఏం పడుతుందో నీ కళ్ళతో చూసి, అది రాసి, దాని కింద సంతకం పెట్టి పట్టుకుని రా. నీ పన్ను నేను నాన్న కిటికీ పక్కనే సరి చేస్తాను, ఇంకెక్కడా కాదు. దానికి నాకు నీ అద్దాల రంగు అంటని పాత వెలుతురు కావాలి. అది నీ దగ్గరుంది.

ఎల్లుండి ఇంటర్వ్యూలో ఏం అడిగినా తల ఊపు. నవ్వకు.

అక్క